ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ ఏ2: రివ్యూల మాట ఎంతవరకు నమ్మాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా మొబైల్ రిపేర్ షాపు కౌంటర్ సొరుగులో రెండు నింటెండో డీఎస్‌లు (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్లు), వాటిలో పెట్టే ఓ పది ఆటల కార్ట్రిడ్జులు ఉంటాయి. పాతపట్నం, కాశీనగర్, గుణుపూర్ నుంచి వచ్చే కుర్రాళ్లు రెండు వారాలని చెప్పి పట్టుకెళ్తారు, రెండు నెలలకు తెస్తారు. అన్నిట్లోకీ ఎక్కువ చేతులు మారింది ఈ ఆటే. తీసుకెళ్లేముందు అందరూ ఫోన్‌లో దీని మార్కులు చూస్తారు. చూశాక అందరికీ అవే అనుమానాలు. స్క్రీన్ గార్డు అతికిస్తూ ఒకే జవాబు వందసార్లు చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరకు వాళ్లు నేరుగా వెళ్లిపోవచ్చు.

## పట్టుకెళ్లేముందు

అసలు ఇదేం ఆట? పేరు చదవడానికే నోరు తిరగట్లేదు.

పూర్తి పేరు ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ ఏ2: గ్రిమ్వార్ ఆఫ్ ద రిఫ్ట్. స్క్వేర్ ఎనిక్స్ చేసింది. జపాన్‌లో 2007 అక్టోబరులో, అమెరికాలోనూ యూరప్‌లోనూ 2008 జూన్‌లో వచ్చింది. 2003లో నింటెండో పాత మెషీన్ గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన టాక్టిక్స్ అడ్వాన్స్‌కి ఇది తరువాతి ఆట. అరుగు మీద పులిజూదం ఆడినవాళ్లకు పద్ధతి తొందరగానే పట్టుబడుతుంది. గళ్ల మైదానం ఉంటుంది. వంతు వచ్చినప్పుడు మన మనిషిని కదిపి, కొట్టాలో మంత్రం వేయాలో చూసుకోవాలి. ఎత్తు మీద నిలబడ్డామా, శత్రువు వెనక నుంచి వెళ్లామా అన్నది కూడా లెక్కే. మన గుంపులో ఒక్కొక్కరికీ ఒక్కో వృత్తి ఉంటుంది, దాన్ని మార్చుకోనూవచ్చు. కథానాయకుడు లూసో అనే బడిపిల్లాడు. అతను చేరే ముఠా పేరు క్లాన్ గల్లీ. ఈ పేరు వినగానే నవ్వనివాళ్లు నా షాపుకి ఇంతవరకూ రాలేదు.

మెటాక్రిటిక్‌లో 80 అని ఉంది. అంటే ఫస్ట్ క్లాసా, బొటాబొటీ పాసా?

ఆ సైటు వేర్వేరు పత్రికలు, వెబ్‌సైట్లు ఇచ్చిన మార్కులన్నీ 100కి మార్చి సగటు తీస్తుంది. కొన్నిటికి ఎక్కువ విలువ, కొన్నిటికి తక్కువ విలువ ఇస్తుంది. ఆటలకు 75, ఆపైన వస్తే ఆకుపచ్చ రంగు వేస్తుంది. ఆ లెక్కన 80 మంచి మార్కే. కానీ ఇది పరీక్ష పేపరు దిద్దిన మార్కు కాదు. చాలామందికి బాగా నచ్చి, కొందరికి విసుగు పుట్టించినా 80 రావచ్చు. అందరికీ ఓ మోస్తరుగా నచ్చినా 80 రావచ్చు. ఈ ఆట మొదటి రకం. అంకె వదిలేసి ఓ రెండు రివ్యూలు పూర్తిగా చదవండి. ఇద్దరూ ఒకే విషయం చెబుతుంటారు, దానికి ఒకరు మెచ్చుకుంటారు, ఒకరు గొణుక్కుంటారు.

ముందు ఆటకి 87 వచ్చింది కదా? సీక్వెల్‌కి ఏడు ఎందుకు తగ్గాయి?

అందరూ ముందు అడిగేది ఇదే. చాలామంది తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే.

ఏడు మార్కులు తగ్గితే ఆట ఏడు పాళ్లు చెడిపోయినట్టు కాదు. 2003లో టాక్టిక్స్ అడ్వాన్స్ వచ్చినప్పుడు అంత లోతున్న ఆట చేతిలో ఇమిడే మెషీన్‌లోకి రావడమే ఒక వింత. 2008 నాటికి ఆ వింత పోయింది. అంతకు ముందు ఏడాదే, 1997 నాటి అసలు టాక్టిక్స్‌ని మెరుగుపరిచి, వార్ ఆఫ్ ద లయన్స్ పేరుతో సోనీ వాళ్ల చేతి మెషీన్ పీఎస్‌పీ మీద తెచ్చారు. దానికి 88 వచ్చింది. రివ్యూ రాసేవాళ్లలో చాలామంది ఆ రాజుల కుట్రల కథ ముగించి, వెంటనే లూసో వేసవి సెలవుల కథ పట్టుకున్నారు. నాటకం చూసి వచ్చినవాడిని హరికథకి కూర్చోబెట్టి ఏది బాగుందని అడిగితే ఏం చెబుతాడు?

దీనికి తోడు ఆట లోపలి కారణాలు కొన్ని ఉన్నాయి, అవి నిజమైనవే. కథ తేలిక. మెనూలు చిక్కు. యుద్ధం నడక నెమ్మది. డీఎస్‌కి రెండు తెరలు, టచ్ ఉన్నా వాటిని పెద్దగా వాడుకోలేదు. అటువైపు మెచ్చుకున్నవి ఇవి: వృత్తులు 50కి పైగా, ఏడు జాతులు, మన ముఠా పబ్‌లో ఒప్పుకునే పనులు 300కి పైగా, ముందు ఆటలో ప్రాణం తీసిన చట్టాలను (పోరులో ఇది చేయకూడదనే నియమాలను) సడలించడం, చక్కటి బొమ్మలు, హితోషి సకిమొతో సంగీతం.

నా ఉద్దేశంలో ఆ మెప్పుకీ ఈ తిట్లకీ మూలం ఒకటే. ఇది చిన్న చిన్న పనుల గుట్ట. వెనక నుంచి తరిమే కథ లేదు. వారంలో ముగించి రివ్యూ ఇవ్వాల్సినవాడికి ఆ గుట్ట బరువు. మాలాగా నౌపడా రైలుబండిలో ఓ అరగంట, కరెంటు పోయినప్పుడు ఓ అరగంట ఆడేవాడికి అదే సుఖం.

అన్నయ్యా, ఒకడు ఆహా అంటాడు, ఇంకొకడు ఛీ అంటాడు. ఎవడి మాట వినాలి?

ఆ మనిషి అంతకుముందు ఏ ఆటను ఇష్టపడ్డాడో చూడు. 1997 నాటి టాక్టిక్స్‌ని నెత్తిన పెట్టుకున్నవాడైతే ఈ ఆట పిల్లలదని అంటాడు. గేమ్ బాయ్ మీద మొదలుపెట్టినవాడైతే చట్టాల బాధ తగ్గిందని సంబరపడతాడు. నీకు ఏది కావాలో ముందు నువ్వు తేల్చుకుంటే చాలు.

ఏ మెషీన్ మీద నడుస్తుంది? చిన్నాన్న దుబాయ్ నుంచి 3డీఎస్ తెచ్చాడు.

నడుస్తుంది. ఇది డీఎస్ కార్ట్రిడ్జు. పాత డీఎస్, డీఎస్ లైట్, డీఎస్ఐ, 3డీఎస్, 2డీఎస్ అన్నింటిలోనూ పడుతుంది. 3డీఎస్ ఆటలకు దేశాల తాళం ఉంటుంది గానీ మామూలు డీఎస్ కార్ట్రిడ్జులకు లేదు. కాబట్టి అమెరికా కార్ట్రిడ్జు దుబాయ్ మెషీన్‌లో పెట్టినా ఇబ్బంది ఉండదు. ముందు ఆట కూడా ఆడాలనుకుంటే మాత్రం డీఎస్ లేదా డీఎస్ లైట్ వెతుక్కోండి. గేమ్ బాయ్ కార్ట్రిడ్జు పట్టే కన్నం ఆ రెండింటికే ఉంది, డీఎస్ఐలో తీసేశారు.

ఒక జాగ్రత్త. నకిలీలు చాలా తిరుగుతున్నాయి. నేనూ ఒక పెద్ద ఊరి షాపులో ఒకటి కొని మోసపోయాను. పదిరోజులు ఆడాక ఓ పొద్దున తెరిస్తే సేవ్ మాయం. తిరిగి తీసుకెళ్తే షాపువాడు నా మొహం గుర్తులేదన్నాడు. అచ్చు మసకగా ఉన్న స్టిక్కరు, తేలిపోయిన ప్లాస్టిక్ కనబడితే డబ్బు తీయకండి.

నాది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆడగలనా?

ఆడగలవు. ఇందులో ఇంగ్లీషు సరదాగా, మాట్లాడుకునే తీరులో ఉంటుంది. వార్ ఆఫ్ ద లయన్స్‌లో ఇంగ్లీషు పాతకాలపు రాజదర్బారు భాష. అది చాలామంది రివ్యూయర్లకు తెగ నచ్చింది, మన కుర్రాళ్లకు మాత్రం నాలుగో వాక్యానికే టెన్షన్. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాడిని కాబట్టి నా ఓటు ఎటో వేరే చెప్పక్కర్లేదు. అది గ్రాంథికం, ఇది వాడుక భాష.

కష్టమంతా మాటల్లో లేదు, వృత్తుల వివరాల్లో ఉంది. ఒక్కో విద్య ఏం చేస్తుందో ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. ఆ ముక్క అర్థం కాకపోతే పోరులో వేసి చూడు, రెండోసారికి తెలిసిపోతుంది.

## మొదటి వారంలో

మూడు గంటలు ఆడాను, ఇంకా ఏమీ మొదలవలేదు. రివ్యూల్లో నెమ్మది అన్నది ఇదేనా?

సగం ఇదే. బడిలో అల్లరి చేసినందుకు, వేసవి సెలవుల ముందురోజు లూసోని లైబ్రరీలో పనికి పెడతారు. అక్కడ ఖాళీ పేజీలున్న పుస్తకంలో తన పేరు రాస్తాడు, ఇవాలిస్ అనే లోకంలో పడతాడు. ఆ తరువాత చాలాసేపు ఆట చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఇది తెలిసినవాళ్లకు విసుగు, కొత్తవాళ్లకు అవసరం.

మిగతా సగం యుద్ధంలోనే ఉంది. ప్రతి కదలికకూ ఒక బొమ్మ, ప్రతి దెబ్బకూ ఒక విరామం. శత్రువులు ఎక్కువైతే మన వంతు వచ్చేసరికి టీ చల్లారుతుంది. ఈ ఫిర్యాదు న్యాయమైనదే, నేను సమర్థించను. అలవాటు పడడమే దారి.

జడ్జి జెండా ఎత్తేసి వెళ్లిపోయాడు. నేనేం తప్పు చేశాను?

ప్రతి పోరుకీ ఒక చట్టం ఉంటుంది, అది తప్పుతున్నామా అని చూసేవాడే జడ్జి. నిప్పు వాడకూడదు, దెబ్బ కొట్టి ఎదుటివాడిని వెనక్కి నెట్టకూడదు, ఇలాంటివి. పోరు మొదట్లోనే అది రాసి ఉంటుంది, చదవకుండా బటన్ నొక్కేస్తాం. చట్టం నిలబెడితే చివర్లో అదనపు సామాన్లు ఇస్తారు, పోరుకు ముందు ఎంచుకున్న వరం నడుస్తుంది. తప్పితే వరం పోతుంది. ఆ పోరులో పడిపోయినవాళ్లను మళ్లీ లేపలేం కూడా. అంతకుమించి శిక్ష లేదు.

దీన్ని రివ్యూయర్లు ఎందుకు మెచ్చుకున్నారో తెలియాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి. అందులో ఫుట్‌బాల్ రిఫరీలా పసుపు కార్డు, ఎర్ర కార్డు ఇచ్చేవారు. ఎర్ర కార్డు పడినవాడు జైలుకే. హీరో మార్ష్‌కే ఎర్ర కార్డు పడితే ఆట అక్కడితో ఆఖరు. ఒక్క పొరపాటుకు గంట ఆట గాలికి పోయేది. ఏ2లో ఆ కోపం చల్లారింది.

అయితే చట్టాలను అప్పుడూ తిట్టారు, ఇప్పుడూ తిట్టారు. ఇప్పటి తిట్టుకి కారణం వేరు. కొన్ని చట్టాలు మన చేతిలో ఉండవు. గురి తప్పకూడదన్నది ఒక చట్టం! తప్పాలని ఎవడు కొడతాడు? వెనక్కి నెట్టకూడదన్న చట్టమూ అంతే, గట్టి దెబ్బ అదృష్టవశాత్తు తగిలితే శత్రువు తనంతట తానే వెనక్కి పోతాడు. ఈ ఫిర్యాదులో సగమే ఒప్పుకుంటాను. అలాంటి పోరులో కత్తులు పక్కనపెట్టి, మంత్రాలతో పని కానిస్తే చట్టం చాలాసార్లు నిలబడుతుంది. మిగతా సగం దేవుడి దయ.

పోరు మొదట్లో మంత్రగాడి ఎంపీ (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) సున్నా. కార్ట్రిడ్జు పాడైందా?

పాడవలేదు. ఏ2లో అందరి ఎంపీ సున్నాతో మొదలై వంతు వంతుకీ 10 పెరుగుతుంది. ముందు ఆటలో నిండు ఎంపీతో దిగేవారు, మొదటి దెబ్బకే పెద్ద మంత్రం వేసి పోరు ముగించేవారు. ఈ మార్పుతో ఆ దోపిడీ ఆగింది. కొందరు దీన్ని మెచ్చారు, కొందరు పెద్ద మంత్రం కోసం మంత్రగాళ్లు కాచుకుని ఉండాల్సి వస్తోందని విసుక్కున్నారు. నాకైతే నచ్చింది. పెద్ద మంత్రం కోసం రెండు మూడు వంతులు ఒకడిని కాపాడుకోవడంలోనే అసలు ఆట ఉంది.

స్టైలస్ (తెరను తాకే పుల్ల) పోయింది. అది లేకుండా ఆడొచ్చా?

హాయిగా. బటన్లతోనే మొత్తం అయిపోతుంది. డీఎస్‌ని వాడుకోలేదని రివ్యూల్లో అన్నది ఈ సంగతే. ఒక తెర మీద యుద్ధం, ఇంకో తెర మీద వివరాలు, అంతే. స్టైలస్ పోగొట్టుకున్నవాళ్లు మాత్రం నాకు కొత్తది కొనివ్వాలి, అది వేరే విషయం.

## మధ్యలో

బజారులో ఏ సామాను ఇస్తే ఏ కత్తి వస్తుందో అర్థం కావట్లేదు. నాకేనా, అందరికీనా?

అందరికీ. మెనూల మీద పడిన తిట్లన్నిటికీ ఈ బజారే ముఖ్య కారణం, అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

పోరు గెలిస్తే తోలు, కలప, లోహం లాంటి ముడిసరుకులు వస్తాయి. వాటిని బజారులో ఇస్తే కొత్త వస్తువు దుకాణంలోకి అమ్మకానికి వస్తుంది. ఉచితంగా రాదు, మళ్లీ డబ్బు పెట్టి కొనాలి. ఆలోచన చక్కటిది. మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చెక్కే పనివాళ్లను చూస్తూ పెరిగినవాడికి, ముడిసరుకు చేతిలో పడితే వస్తువవుతుందన్న లెక్క వెంటనే మనసుకి ఎక్కుతుంది. కానీ కొమ్ము పనివాడైతే దువ్వెన చేస్తున్నాడో కొంగ చేస్తున్నాడో ముందే చెబుతాడు. ఈ బజారు అంత సూటిగా చెప్పదు.

ఇది ఎందుకింత పెద్ద తప్పంటే, ఈ ఆటలో విద్యలు దాదాపు అన్నీ ఆయుధాలు, కవచాలు లాంటి సామాన్లలోంచే వస్తాయి. ఒక కత్తి పట్టుకుని పోరాడితే దానిలోని విద్య నేర్చుకుంటారు, పూర్తయ్యాక కత్తి లేకపోయినా ఆ విద్య ఉంటుంది. అంటే ఏ వస్తువు ఎవరికి పనికొస్తుందన్నదే ఆట మొత్తానికి ఆయువుపట్టు. ఆ సమాచారం కోసం ఒక తెరలోంచి ఇంకో తెరలోకి, అక్కడి నుంచి మరో దానిలోకి తిరగాలి. 50కి పైగా వృత్తులు పెట్టినవాళ్లు ఒక శుభ్రమైన పట్టిక పెట్టలేకపోయారా అనిపిస్తుంది.

మా దగ్గర దీనికి దొరికిన మందు ఒక పాత నోటుబుక్. ఎవరికి ఏ విద్య పూర్తయింది, ఏ ముడిసరుకుకి ఏది వచ్చింది, అన్నీ రాసి ఉన్నాయి. కార్ట్రిడ్జుతో పాటు అదీ ఇస్తాను. అందులో నాలుగు రకాల చేతిరాతలున్నాయి, ఒకటి ఒడియాలో.

కథ ఎక్కడికీ కదలట్లేదు. ముందుకెళ్తే బాగుంటుందా?

కొంచెం బిగుస్తుంది, అంతే. కథ పలచగా ఉందన్న మాట నిజం, దాన్ని కాదనడం నా వల్ల కాదు. టాక్టిక్స్ అడ్వాన్స్‌లో మార్ష్ ఇంటికి వెళ్లాలంటే, స్నేహితులు కోరికలు తీర్చుకుంటున్న లోకాన్నే కూల్చాలి. తల్లిని పోగొట్టుకున్న మ్యూట్‌కి అక్కడ తల్లి ఉంది, నడవలేని తమ్ముడు డోనెడ్ అక్కడ నడుస్తాడు. మార్ష్ చేసింది తప్పా ఒప్పా అని ఇప్పటికీ ఈ కౌంటర్ దగ్గర గొడవలవుతాయి. లూసోకి అలాంటి ఇరకాటం లేదు. పుస్తకం ఖాళీ పేజీలు తన సాహసాలతో నిండితే ఇంటికి పోతాడు. మన వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్లి వచ్చినట్టే.

కానీ చిన్న పనుల్లో మంచి ముక్కలున్నాయి. పబ్‌లో కాగితం మీద రాసిన నాలుగు వాక్యాల్లో ఒక మనిషి కష్టమంతా కనబడుతుంది కొన్నిసార్లు. రివ్యూ గడువు తరుముతుంటే చదవకుండా దాటేసేవి అవే.

పోర్లు మరీ సులువుగా అయిపోతున్నాయి. హార్డ్ పెట్టుకోవాలా?

ఇంగ్లీషు ఆటలో మొదటే నార్మల్, హార్డ్ అని అడుగుతుంది. గళ్ల యుద్ధాలు అలవాటున్నవాళ్లు హార్డ్ తీసుకోండి. కొత్తవాళ్లకు నార్మల్ చాలు.

నేనూ మా బావా ఎదురెదురుగా ఆడొచ్చా?

కుదరదు. ఏ2 ఒక్కరి ఆటే. ముందు ఆటలో కేబుల్ కలిపి ఇద్దరు ఆడే వీలుండేది, అది తీసేశారని నొచ్చుకున్నవాళ్లున్నారు. మా దగ్గర ఇద్దరు బావామరదులు వంతులవారీగా ఒకే క్లాన్‌ని నడిపారు. మూడో రోజుకే మాటలు లేవు.

## ముగించాక

వాన్, పెనెలో అని వచ్చారు. అందరూ తెలిసినట్టు మాట్లాడుతున్నారు. వాళ్లెవరు?

2006లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ 12 పాత్రలు. ఆ కథా ఇవాలిస్‌లోనే జరుగుతుంది. తెలియకపోయినా ఇక్కడ నష్టం లేదు.

ఇది నచ్చింది. పాతవి కూడా ఆడాలనుంది. మార్కులు చూసి వరస పెట్టుకోనా?

మార్కులు చూస్తే బోల్తా పడతావు. 1997 నాటి అసలు టాక్టిక్స్‌కి యాసుమి మత్సునో దర్శకుడు, ఈ తరహాలో దాన్ని మించింది లేదనేవాళ్లు ఇవాళ బోలెడుమంది. మెటాక్రిటిక్‌లో దాని మార్కు 83 మాత్రమే! దాని పీఎస్‌పీ రూపానికి 88, గేమ్ బాయ్ ఆటకి 87. అంటే అంకెల ప్రకారం పిల్లలంతా తండ్రిని మించారు, ఒక్క ఏ2 తప్ప. రోజులు గడిచాక జనం చెప్పింది ఇంకోలా ఉంది.

నా వరస ఇది. ఏ2 అయ్యాక, డీఎస్ లైట్ ఉంటే టాక్టిక్స్ అడ్వాన్స్ పట్టుకో, ఎర్ర కార్డుల రుచి కూడా చూడాలి కదా. ఆ తరువాత అసలుది. దాన్ని కొత్తగా తీర్చి, ద ఇవాలిస్ క్రానికల్స్ పేరుతో 2025 సెప్టెంబరు 30న విడుదల చేశారు, ఇప్పటి మెషీన్లలో నడుస్తుంది. అందులో మాత్రం అమ్మమ్మగారి ఊరు లేదు. రాజ్యం కోసం అన్నదమ్ములు, స్నేహితులు ఒకరినొకరు పొడుచుకునే కథ.

సరే, మీరైతే ఎంత వేస్తారు?

బజారు మెనూ చూసిన రోజు 70. గుణుపూర్ బండి రెండు గంటలు లేటైన రోజు 90. కార్ట్రిడ్జు ప్రస్తుతం కాశీనగర్‌లో ఉంది, దసరాకి ఇస్తానన్నాడు. కావలసినవాళ్లు నోటుబుక్ ముందే వచ్చి చూసుకోవచ్చు.